విరళ మృత్తికలు – మౌంటెన్ పాస్ గని చరిత్ర

తరగతి గది గోడకు వ్రేలాడు ఆవర్తన పట్టికను చూచినవారికి దాని అడుగున విడిగా రెండు వరుసలు కనిపించును. అందు పై వరుస లాంథనముతో మొదలై లుటేషియముతో ముగియును. పరీక్షలో దానినుండి ప్రశ్న రాదను ధైర్యముతో విద్యార్థులును, కాలము చాలదను కారణముచే ఉపాధ్యాయులును ఆ వరుసను దాటిపోవుట వాడుక. అందలి పదునైదు మూలకములకు స్కాండియము, ఇట్రియములను చేర్చి విరళ మృత్తికలు అందురు. ఈ పేరు కొంత తప్పుదారి పట్టించునది. మృత్తిక యనగా పూర్వపు రసాయనజ్ఞుల పరిభాషలో వేడికి సులభముగా కరగక, నీట కలియక నిలుచు ఆక్సైడు, మన్ను కాదు. ఇక విరళత్వము మాటకు వచ్చినచో, భూపటలములో సీరియము ఇంచుమించు రాగియంత యున్నది. త్రవ్వి లాభము పొందదగినంత చిక్కగా ఒకచోట కుదురుట మాత్రము అరుదు. అట్లు కుదిరిన పిమ్మటకూడ ఒకదానినుండి మరియొకదానిని విడదీయుట మిక్కిలి కష్టము. ఈ రెండవ కష్టమును మరచి సొమ్ము పోగొట్టుకొన్న వాటాదారులు పెక్కుమంది. వారి కథ తెలియుటకు అమెరికాలోని ఒక గని చరిత్ర చాలును.

కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున, మొహావీ ఎడారిలో మౌంటెన్ పాస్ అను కనుమ కలదు. అణుబాంబు వెలువడిన పిదప ఆ దేశమున యురేనియము వేట ముమ్మరమాయెను. 1949లో అట్టి అన్వేషకులు కొందరు గైగర్ గణకముతో ఆ కొండలలో తిరుగుచుండగా ఒకచోట గణకము జోరుగా పలికెను. తీరా పరీక్షింపగా అది యురేనియము కాదు. ఆ రాయిలో బాస్ట్నసైటు అను విరళ మృత్తికల ఖనిజమున్నది. దానిని అంటియున్న థోరియమే గణకమును పలికించినది. ఈ మూలకములున్నచోట థోరియము కూడ తరచు తోడుండును. మన భీమునిపట్నము మొదలగు తీరములందలి ఇసుకలోని మోనజైటునందును ఇదే సంగతి. అందుచేతనే మన దేశమున దానిని పరమాణు ఖనిజముగా పరిగణించి, ప్రభుత్వ సంస్థల చేతిలో ఉంచినారు.

మాలిబ్డినం కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అను కంపెనీ ఆ హక్కులను కొని 1952లో త్రవ్వకము ప్రారంభించెను. కొండంత ఖనిజమున్నది గాని, కొనువారేరీ? సిగరెట్టు లైటర్ల రాళ్లకు, గాజు మెరుగుపెట్టుటకు కావలసినది కొంచెమే. గనిని నిలబెట్టినది వేరొక చోట జరిగిన పరిశోధన. 1960–70 మధ్య రంగుల టెలివిజను వ్యాపించెను. తెరపై చక్కని ఎరుపు వచ్చుటకు యూరోపియము కలిపిన పూత శ్రేష్ఠమని తేలినది. మౌంటెన్ పాస్ ఖనిజములోని విరళ మృత్తికలలో యూరోపియము వేయింట ఒక పాలు మాత్రమే. ఆ ఒక్క పాలు చాలవరకు గనిని పోషించినది.

ఈ లెక్కను ఇంకొంచెము పరిశీలింపవలెను. అచ్చటి విరళ మృత్తికల ఆక్సైడులను నూరు పాళ్లుగా తీసికొన్నచో సీరియము సుమారు 49, లాంథనము 33, నియోడిమియము 12, ప్రసియోడిమియము 4 పాళ్లు. మొదటి రెండును చౌక. 1983–84లో నియోడిమియముతో మహాబలముగల అయస్కాంతములను జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు వేర్వేరుగా తయారుచేసిన తరువాత, ధర పలుకునది తక్కిన రెండింటికే. కాని చౌక వానిని త్రవ్వకుండ ప్రియమైన వానిని త్రవ్వుట సాధ్యము కాదు. పైగా ఇవి రసాయన ధర్మములలో ఒకదానికొకటి కవలల వంటివి. ఆమ్ల ద్రావణమును, కిరసనాయిలు వంటి నూనెలో కలిపిన ఒక కారకముతో చిలికినచో, పొరుగు మూలకములలో ఒకటి రవ్వంత ఎక్కువగా నూనెలోనికి పోవును. ఆ రవ్వంత భేదమును వందలసార్లు పోగుచేయవలెను. ‘మా భూమిలో ఇన్ని లక్షల టన్నుల ఖనిజమున్నది’ అను అన్వేషణ కంపెనీ ప్రకటనలో ఈ ఖర్చు కనిపించదు.

చైనా ఈ విద్యను సాధించెను. ఇన్నర్ మంగోలియాలోని బయాన్ ఒబోలో ఇనుప ఖనిజముతోబాటు విరళ మృత్తికలు వచ్చును. కావున త్రవ్వకపు ఖర్చు ఇనుముమీద పడును. 1990 తరువాత ధరలు పడిపోయినవి. అదే కాలమున మౌంటెన్ పాస్ వ్యర్థజలముల గొట్టములు పలుమార్లు పగిలి, ఆ నీరు ఎడారిలో పారెను. 1998లో వేరుచేయు పని ఆగినది. 2002లో త్రవ్వకమును ఆగినది.

2008లో గని చేతులు మారెను. మాలికార్ప్ అను పేరుతో 2010 జూలైలో న్యూయార్కులో ఒక్కొక్క వాటాను 14 డాలర్లకు అమ్మిరి. ఆ యేడే చైనా ఎగుమతి పరిమితిని సుమారు 40 శాతము తగ్గించెను. సెప్టెంబరులో వివాదాస్పదమైన దీవులయొద్ద చైనా చేపల పడవ జపాను తీరరక్షక నౌకలను ఢీకొనెను. పిదప జపానుకు సరకు నిలిచిపోయెనన్న వార్త లోకమంతట గుప్పుమన్నది. ఏడాది తిరుగకముందే కొన్ని ఆక్సైడుల ధర పది రెట్లు మించెను. 2011 మే నాటికి మాలికార్ప్ వాటా 70 డాలర్లు దాటెను. కెనడా, ఆస్ట్రేలియాలలో చిన్న అన్వేషణ కంపెనీలు వానకు పుట్టగొడుగులవలె మొలచినవి. ఒక పటము, నాలుగు బోరుబావుల నమూనాలు ఉన్నచో వాటాలు అమ్ముడుపోయినవి.

ధర పెరిగినప్పుడు కొనువాడు ఊరకుండునా? గాజు పరిశ్రమవారు సీరియమును తిరిగి వాడుకొనసాగిరి. అయస్కాంతములవారు డిస్ప్రోసియమును తగ్గించు ఉపాయములు కనుగొనిరి. 2011 ద్వితీయార్ధమునుండి ధరలు జారినవి. మాలికార్ప్ మాత్రము 2012లో 130 కోట్ల డాలర్లిచ్చి వేరొక కంపెనీని కొనెను. కొత్త కర్మాగారముపై అప్పుమీద అప్పు చేసెను. 2015 జూనులో, సుమారు 170 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా పిటిషను వేసెను. అప్పటికి వాటా ఒక డాలరైనను చేయలేదు. ఆ యేడు జనవరిలోనే చైనా ఎగుమతి పరిమితులను ఎత్తివేసినదని గమనింపవలెను. భూమిలోని ఖనిజము ఒక్క తులమైనను తరిగి ఆ కంపెనీ చెడలేదు.

ఆస్ట్రేలియాలోని మౌంట్ వెల్డ్ గనిగల లైనాస్ కంపెనీయు అదే గాలివానలో చిక్కెను గాని మునుగలేదు. జపాను సంస్థలు 2011లోనే 25 కోట్ల డాలర్లు సమకూర్చి, సరకును తామే కొందుమని ఒప్పుకొనియుండుట అందుకొక ముఖ్యకారణము. కొనువాడు ముందే కుదిరిన కంపెనీకిని, గాలిలో ధరను నమ్మిన కంపెనీకిని ఇంత భేదము.

2017లో మౌంటెన్ పాస్ గని వేలములో 2 కోట్ల 5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. కొన్నవారిలో ఒక చైనా కంపెనీకి చిన్న భాగముండెను. త్రవ్వి చిక్కపరచిన ఖనిజము వేరుచేయుటకై చాలకాలము చైనాకే ఓడలలో పోయినది. 2025 జూలైలో అమెరికా రక్షణశాఖ ప్రస్తుతపు యజమాని కంపెనీలో 40 కోట్ల డాలర్లు పెట్టుటకు అంగీకరించి, నియోడిమియము–ప్రసియోడిమియము కిలో ఒకటికి 110 డాలర్లకు తగ్గకుండ పదేండ్లపాటు హామీ ఇచ్చినది. అప్పటి బజారు ధర దానికన్న చాల తక్కువ.