డ్రమ్ములో ఉన్నది నిజంగా గ్లిజరినేనా?

మీ ముందు రెండు గ్లాసులు ఉన్నాయనుకోండి. రెండిట్లోనూ రంగు లేని, కాస్త చిక్కటి, తియ్యటి ద్రవమే. ఒకటి గ్లిజరిన్, దగ్గు సిరప్‌లలో, టూత్‌పేస్ట్‌లో వాడేది. రెండోది డైఎథిలిన్ గ్లైకాల్, షార్ట్‌గా డీఈజీ. బ్రేక్ ఫ్లూయిడ్‌లో వాడే కెమికల్ ఇది. ఒంట్లోకి వెళ్తే కిడ్నీలు పాడైపోతాయి. చూసి తేడా చెప్పలేం. రుచి చూసే పని అస్సలు పెట్టుకోవద్దు. మరి ఏది ఏదో ఎలా కనిపెట్టాలి? ఈ ప్రశ్న వెనక దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

1937, అమెరికా. సల్ఫనిలమైడ్ అనే మందు అప్పటికి మాత్రలుగా, పొడిగా దొరికేది. పిల్లలకి తాగించేలా ద్రవ రూపంలో కావాలని డిమాండ్ వచ్చింది. టెన్నెసీలోని మాసెంగిల్ కంపెనీ ఆ మందుని డీఈజీలో కరిగించి, రాస్ప్‌బెర్రీ ఫ్లేవర్ కలిపి అమ్మేసింది. రుచి, రంగు, వాసన చెక్ చేశారు. విషమా కాదా అని మాత్రం చెక్ చేయలేదు. వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలు చాలామంది. ఆ సీసాలో చంపుతున్నది డీఈజీ అని ల్యాబ్ పరీక్షలే తేల్చాయి. ఆ దెబ్బకి 1938లో, అమ్మే ముందే మందు సురక్షితమని చూపించాలనే చట్టం వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. 1937లో కంపెనీకి తాను ఏం కలుపుతోందో తెలుసు. తర్వాతి కేసుల్లో అదీ తెలియదు. 1986లో ముంబై జేజే హాస్పిటల్‌లో గ్లిజరిన్ ఇచ్చిన 14 మంది పేషెంట్లు చనిపోయారు. అందులో డీఈజీ కలిసి ఉంది. 2006లో పనామా. చైనా నుంచి స్పెయిన్ కంపెనీ మీదుగా 46 డ్రమ్ములు వచ్చాయి. పేపర్ల మీద ఉన్నది గ్లిజరిన్, లోపల ఉన్నది డీఈజీ. చేతులు మారిన ప్రతిచోటా పేపర్ చూశారు, ద్రవాన్ని టెస్ట్ చేయలేదు.

సరే, టెస్ట్ అంటే ఏంటి? మొదటిది సాంద్రత. లీటరు గ్లిజరిన్ దాదాపు 1,260 గ్రాములు తూగుతుంది, డీఈజీ 1,120. తక్కెడ చాలు కదా అనిపిస్తుంది. కానీ గ్లిజరిన్‌లో సగం నీళ్లు కలిపితే అది కూడా ఇంచుమించు 1,126కే వస్తుంది! అందుకే రెండో టెస్ట్ కావాలి. కాంతి ఆ ద్రవంలో ఎంత వంగుతుందో చూస్తారు, దాన్నే వక్రీభవన గుణకం అంటారు. డీఈజీకి 1.447, ఆ నీళ్ల గ్లిజరిన్‌కి 1.398. ఇప్పుడు దొరికిపోయింది. మరిగే ఉష్ణోగ్రత కూడా వేరే: గ్లిజరిన్‌కి 290 డిగ్రీలు, డీఈజీకి 245. ఒక్కో టెస్ట్‌తో కొన్ని అనుమానాలు తీరతాయి.

అయితే విషం కొంచెమే కలిస్తే ఇవి పట్టుకోలేవు. అమెరికా ప్రమాణాల్లో గ్లిజరిన్‌లో డీఈజీ పరిమితి 0.1 శాతం. అంత తక్కువని తూకం చూపించదు. గ్యాస్ క్రోమటోగ్రఫీ కావాలి. మిశ్రమాన్ని ఆవిరి చేసి సన్నటి గొట్టంలోంచి పంపితే, ఒక్కో పదార్థం ఒక్కో టైమ్‌కి బయటికి వస్తుంది.

అంటే టెక్నాలజీ ఉంది. అయినా 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌ని అక్కడి ప్రభుత్వ ల్యాబ్ టెస్ట్ చేస్తే డీఈజీ 48.6 శాతం! పరిమితి ఎంతో ఇప్పుడే విన్నారు. అదే టెస్ట్ సిరప్ ఫ్యాక్టరీ దాటకముందే జరిగుంటే?

కోడింగ్‌లో మాకు మొదట నేర్పే రూల్ ఒకటి ఉంది: బయటినుంచి వచ్చిన ఇన్‌పుట్‌ని చెక్ చేయకుండా నమ్మొద్దు. అక్కడ తప్పితే యాప్ క్రాష్ అవుతుంది, ఇక్కడ ఓ పిల్లాడి ప్రాణం పోతుంది. లేబుల్ అంటే ఎవరో చెప్పిన మాట. డ్రమ్ము తెరిచి టెస్ట్ చేసినప్పుడే అది నిజమో కాదో తేలేది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే, డాక్టర్‌ని అడక్కుండా దగ్గు సిరప్ వేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.