షిల్లింగుకు మూడు పూలు

1787 ఫిబ్రవరి 1న లండన్‌లో ఒక చిన్న మాసపత్రిక వెలువడింది. వెల ఒక షిల్లింగు. లోపల మూడు పూలమొక్కల రంగు బొమ్మలు, ఒక్కోదానికి పేజీ రెండు పేజీల వివరణ. మొట్టమొదటి బొమ్మ పర్షియా ఐరిస్‌ది. ‘బొటానికల్ మ్యాగజీన్’ పేరుతో మొదలై, 1801 నుంచి స్థాపకుడి పేరు కూడా చేర్చుకున్న ‘కర్టిస్ బొటానికల్ మ్యాగజీన్’ ఇప్పటికీ వస్తోంది. ఇప్పటిదాకా అచ్చయిన బొమ్మలు పదకొండు వేలు దాటాయి.

పేరు ఒకటి, కూడు ఒకటి

విలియం కర్టిస్ హాంప్‌షైర్‌లోని ఆల్టన్ ఊరివాడు. మందుల తయారీ నేర్చి, ఆ వృత్తి వదిలేసి మొక్కల వెంట పడ్డాడు. చెల్సీ ఔషధవనంలో విద్యార్థులకు మొక్కలు చూపించి పాఠం చెప్పే ఉద్యోగం చేశాడు. 1779లో లాంబెత్‌లో సొంత తోట పెట్టాడు. లండన్ చుట్టూ పది మైళ్లలో మొలిచే మొక్కలన్నిటినీ అచ్చులో చూపించాలని ‘ఫ్లోరా లండనెన్సిస్’ తలపెట్టాడు. పుస్తకం పెద్దది, ఖరీదూ ఎక్కువే. రోడ్డు పక్కన ఊరికే దొరికే కలుపుమొక్క బొమ్మకు అంత డబ్బెవరు పెడతారు? అప్పులు మిగిలాయి.

ఆయన తోటకు చందా కట్టి వచ్చేవాళ్లకు కావలసింది వేరు. తమ పెరళ్లలో, గాజు ఇళ్లలో పెంచుకుంటున్న విదేశీ పూలమొక్కల పేర్లేమిటి, వాటినెలా సాకాలి? ఆ గిరాకీ కోసమే కర్టిస్ చేతిలో ఇమిడే సైజులో పత్రిక తెచ్చాడు. మూడువేల ప్రతులు అమ్ముడయ్యేవి. ఫ్లోరా పేరు తెచ్చింది, పత్రిక కూడు పెట్టిందని ఆయనే చమత్కరించాడు.

ఆ రోజుల్లోనే మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో తీరప్రాంతపు మొక్కల బొమ్మలు గీయిస్తున్నాడు. వాటిలోంచి ఏరిన మూడువందల బొమ్మలతో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చింది. దాని వెనక కంపెనీ ఖజానా ఉంది. కర్టిస్ పత్రికకు ఏ ప్రభువూ లేడు. నెలనెలా షిల్లింగు తీసే తోటప్రియులే దిక్కు.

గీసే చేయి, రంగులద్దే చేయి

చౌకగా అమ్మినా పని మాత్రం చౌక కాదు. బొమ్మ రాగిరేకు మీద చెక్కాలి. అచ్చయిన ప్రతి కాగితానికీ చేత్తో రంగులద్దాలి. ముప్పైమంది దాకా ఈ పనిలో ఉండేవారు. అందుకే ఒకే పువ్వు రెండు ప్రతుల్లో రెండు ఛాయల్లో కనిపించవచ్చు. 1845లో రాగిరేకు పోయి రాతి అచ్చు వచ్చింది గానీ, చేతిరంగు పోలేదు. 1948లో అద్దేవాళ్లు దొరక్క ఆగింది. అంటే ఫోటో పుట్టిన వందేళ్ల తర్వాత కూడా ఈ పత్రికకు కుంచెలే రంగు వేశాయి. ఆ కుంచెలు పట్టినవాళ్ల పేర్లు దాదాపుగా మిగల్లేదు.

చిత్రకారుల పేర్లు మాత్రం మిగిలాయి. కర్టిస్ చేరదీసిన వేల్స్ కుర్రాడు సిడెన్‌హామ్ ఎడ్వర్డ్స్ తొలి దశాబ్దాల బొమ్మల్లో అధికభాగం గీసి, 1815లో విడిపోయి పోటీ పత్రిక పెట్టాడు. తర్వాత సంపాదకుడైన విలియం హుకర్ గ్లాస్గోలో బట్టల అద్దకం మిల్లుకు నమూనాలు గీసే వాల్టర్ ఫిచ్‌ను కనిపెట్టాడు. 1834 నుంచి ఫిచ్ గీసినవి రెండువేల ఏడువందల పైచిలుకు. 1847 జనవరి సంచిక మొత్తాన్నీ అమెజాన్ మహాకలువ విక్టోరియాకే కేటాయిస్తే, ఆ బొమ్మలన్నీ ఆయనవే. 1877లో, హుకర్ తర్వాత సంపాదకుడైన ఆయన కొడుకు జోసెఫ్‌తో జీతం దగ్గర పేచీ వచ్చి ఫిచ్ తప్పుకున్నాడు. పత్రికకు పేరు తెచ్చిన చేతికి తగిన కూలి దక్కలేదన్నమాట.

ఆ లోటును ఇంటి ఆడవాళ్లు పూడ్చారు. మొదట జోసెఫ్ హుకర్ కూతురు హారియట్, ఆపై ఆయన బంధువు మటిల్డా స్మిత్. మటిల్డా నలభై ఏళ్లకు పైగా గీసి, రెండువేల మూడువందలకు మించిన బొమ్మలిచ్చింది. లండన్‌లోని క్యూ ఉద్యానంలో సుమత్రా మొక్క టైటాన్ ఆరమ్ పూసినప్పుడు దాని కుళ్లుకంపు భరిస్తూ కూర్చుని గీసింది కూడా ఆమే.

1920లో ప్రచురణకర్తలు చేతులెత్తేశారు. మొక్కలంటే ప్రాణమిచ్చే కొందరు హక్కులు కొని రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి అప్పగించాక 1922లో మళ్లీ మొదలైంది. 1984 నుంచి పదేళ్లపాటు ‘క్యూ మ్యాగజీన్’గా పేరు మార్చుకుని, తిరిగి పాత పేరుకే వచ్చింది. ఇప్పుడు క్యూ ఉద్యానం తరఫున ఏడాదికి నాలుగు సంచికలు.

ఫోటో ఉండగా బొమ్మెందుకు?

ఫోటో ఆ పూట కెమెరా ముందున్న ఒక్క కొమ్మను చూపిస్తుంది. చిత్రకారుడు మొగ్గనూ, విచ్చిన పువ్వునూ, కోసిన అండాశయాన్నీ, కాయనూ ఒకే కాగితం మీదికి తెస్తాడు. పురుగు కొట్టిన ఆకును వదిలేసి, జాతి లక్షణాన్ని పట్టుకుంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది. మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామానికి రుజువుగా మామూలుగా ఎండబెట్టిన నమూనా ఉండాలి. లండన్ తోటల్లో పూసి వాడిపోయిన ఎన్నో మొక్కలకు అలాంటి నమూనా మిగల్లేదు. ఆ పేర్లలో కొన్నింటికి ఈ పత్రికలోని బొమ్మే అధికారిక ఆధారం. అందంకోసం కొన్న పాఠకుల డబ్బుతో శాస్త్రానికి దస్తావేజులు తయారయ్యాయి. కొత్త బొమ్మ గీసే ప్రతి చిత్రకారుడి మీదా ఇప్పటికీ ఆ రెండు బాధ్యతలూ ఉన్నాయి: చూసేవాడికి నచ్చాలి, సాక్ష్యానికి నిలవాలి.