ఆరిపోయే చుక్క: అంచు చెప్పిన చరిత్ర

బల్లమీద ఒలికిన కాఫీ చుక్క ఆరిపోయాక నడుమకన్నా అంచే ముదురుగా కనిపిస్తుంది. తరతరాలుగా అందరూ చూస్తున్న ఈ మరకకు భౌతికశాస్త్రం స్పష్టమైన వివరణ ఇచ్చినది 1997లో. ఇంత సామాన్యమైన విషయానికి అంత జాప్యమెందుకు? బిందువును గురించిన శాస్త్రం చాలాకాలం నిశ్చలమైన చుక్కనే ప్రమాణంగా తీసుకొని సాగడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

లండన్‌లో వైద్యుడైన థామస్ యంగ్, ద్రవాల సంసక్తిని గురించి 1805లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక్కొక్క ఘనతలాన్ని ఒక్కొక్క ద్రవం తనకు తగిన కోణంలోనే తాకుతుందని అందులో ప్రతిపాదించాడు. శుభ్రమైన గాజుమీద నీరు ఎందుకు పరుచుకుంటుందో, మైనం పూసిన తలంమీద ఎందుకు ముద్దకడుతుందో ఈ స్పర్శకోణం తెలిపింది. అయితే అది సమతాస్థితికి చెందిన సూత్రం. ఆరుతున్న చుక్కకు ఆ స్థితి లేదు.

ఆవిరి కావడమంటే ద్రవం తరిగిపోవడం మాత్రమే కాదనీ, అది ద్రవాన్ని కదిలించగలదనీ సూచించినవాడు జేమ్స్ థామ్సన్. వైన్ గ్లాసు గోడలమీద పలుచని పొరలోంచి ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది. అక్కడ తలతన్యత పెరిగి కింది ద్రవాన్ని పైకి లాగుతుంది. థామ్సన్ 1855లో చెప్పిన ఈ విషయానికి, 1865లో పావియా విశ్వవిద్యాలయంలో పరిశోధన సమర్పించిన కార్లో మారంగోని పేరు స్థిరపడింది.

అయినా అంచు చిక్కుముడిగానే మిగిలింది. ఘనతలాన్ని తాకిన ద్రవం కదలదన్న సంప్రదాయ నియమాన్ని పాటిస్తే, చుక్క పరుచుకోవడానికి అనంతమైన బలం కావలసివస్తుందని 1971లో హ్యూ, స్క్రివెన్ చూపారు. 1977లో పిక్నెట్, బెక్సన్ చుక్క ఆరే తీరులను రెండుగా విభజించారు: కోణం మారకుండా వైశాల్యం తగ్గడం ఒకటి, వైశాల్యం మారకుండా కోణం తగ్గడం మరొకటి.

ఆ రెండవ తీరులోనే కాఫీ మరక రహస్యం ఉన్నది. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు దానిని ఛేదించారు. చుక్క అంచు తలాన్ని పట్టుకొని వెనక్కి జరగదు. ఆవిరి అక్కడినుంచే అధికంగా పోతుంది. ఆ లోటు పూడ్చడానికి నడుమనుంచి ద్రవం అంచుకు ప్రవహిస్తూ కాఫీ రేణువులను మోసుకుపోతుంది.

మారంగోని ప్రవాహం బలంగా ఉంటే రేణువులు నడుమకు చేరుతాయని 2006లో హూ, లార్సన్ చూపారు. రేణువులు గుండ్రంగా కాక కోలగా ఉంటే వలయం ఏర్పడదని 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. ఇంక్‌జెట్ ముద్రణలో రంగు సమంగా పరుచుకోవాలన్నా, గాజు పలకమీద డీఎన్ఏ చుక్కలు సమంగా ఆరాలన్నా ఈ జ్ఞానమే ఆధారం. యంగ్ సూత్రం నేటికీ చెల్లుతున్నది; కాని ఆరే చుక్కను అర్థం చేసుకోవడానికి ఆ కోణంతో పాటు అంచు పట్టునూ, లోపలి ప్రవాహాన్నీ లెక్కించక తప్పలేదు.