కందెన నుండి రబ్బరు వరకు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పుదురు. ఇరుసు కిర్రుమనగనే బండివాడు దిగి, గొట్టములోని కందెన తీసి పూయుట మనలో పలువురు చిన్ననాట చూచినదే. మోటారుకారు పుట్టిన తరువాత కూడ ఈ సంగీతము చాలకాలము ఆగలేదు. అది ఎట్లు ఆగినదో, దానిని ఆపిన చిన్న వస్తువును ఎట్లు ఎన్నుకొని అమర్చుకొనవలెనో ముచ్చటించుకొందము.

1804లో లండనులో ఒబదయా ఎలియట్ అను బగ్గీల పనివాడు, ఉక్కు పట్టీలను విల్లువలె వంచి జోడించిన కమానులకు పేటెంటు పొందెను. ప్రయాణమున కుదుపు తగ్గినది. కాని కమాను కొసనున్న కంటిలో ఇనుప సీల కదలుచుండును. ఇనుమునకు ఇనుము ఒరసికొన్నచోట అరుగుదల తప్పదు. కావున రెంటికి నడుమ కంచు తొడుగు వేసిరి. అదియే బుష్షు. తొడుగు అరుగును, సీల నిలుచును. అరిగిన తొడుగును మార్చుకొనవచ్చును. తొలినాటి మోటారుకార్లు ఈ పద్ధతినే స్వీకరించినవి. తరచుగా గ్రీజు పట్టించుట ఆనాటి డ్రైవరుకు నిత్యకృత్యము. ఒక్క వర్షాకాలము అశ్రద్ధ చేసినచో బురద చేరి కంచును తినివేయును.

రాపిడిని తగ్గించుటకు మారుగా, రాపిడియే లేకుండ చేయవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు రబ్బరునందు లభించినది. పచ్చి రబ్బరు వేడికి జిగటయగును, చలికి పెళుసగును. గంధకము కలిపి వేడిచేసినచో ఆ దోషము పోవునని 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ కనుగొని, 1844లో పేటెంటు పొందెను. 1920 దశకమున ఫ్రాన్సులో సైలెంట్‌బ్లాక్ అను పేర ఒక బుష్షు వెలసినది. రెండు ఉక్కు గొట్టముల నడుమ రబ్బరును గట్టిగా నొక్కి కూర్చుటయే దాని రహస్యము. లోపలి గొట్టము చట్రమునకు, వెలుపలి గొట్టము కదలెడి భాగమునకు బిగియును. చక్రము లేచి పడునపుడు ఏదియు ఒరసికొనదు. రబ్బరు మాత్రము మెలిదిరిగి మరల యథాస్థితికి వచ్చును. కందెన అక్కరలేదు. 1931లో ప్లిమత్ కారు తన ఇంజనునే రబ్బరుపై నిలిపెను. 1959లో వచ్చిన మినీ కారునకు అలెక్స్ మౌల్టన్ రబ్బరునే స్ప్రింగుగా అమర్చెను.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. మూలుగుట మానిన భాగమును మనము మరచిపోయితిమి. రబ్బరు పగిలినను మొదట చప్పుడు రాదు. టైరు ఒక అంచున అరుగుట, బ్రేకు వేయగనే కారు ఒక ప్రక్కకు లాగుట, గతుకులో టక్కుమను శబ్దము, ఇవి దాని ఆనవాళ్లు. వీనిని ఉపేక్షించినచో, అత్యవసరముగ ఆగవలసిన వేళ కారు మన మాట వినకపోవచ్చును.

మా అనుభవమొకటి చెప్పెదము. మా కారునకు క్రొత్త బుష్షులు వేయించితిమి. ఏడాది తిరుగకముందే అవి చినిగినవి. సరుకు నకిలీదని దుకాణదారుని నిందించితిమి. తప్పు సరుకుది కాదు. కారు జాకీపై ఉండి చక్రములు వ్రేలాడుచుండగనే పనివాడు బోల్టులను పూర్తిగ బిగించెను. మేము ప్రక్కనే నిలిచి చూచుచుంటిమి. కారు నేలకు దిగగనే రబ్బరు మెలిపడినది; ఆ మెలికతోనే దినదినము నడిచి చినిగినది. బోల్టులను వదులుగ ఉంచి, బరువంతయు చక్రములపై నిలిచిన పిమ్మటనే బిగింపవలెనని మాకు ఆలస్యముగ తెలిసినది. దుకాణదారునికి క్షమాపణ చెప్పుకొంటిమి.

ఇక ఎన్నిక మాట. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, అతని సహచరులు కనుగొన్న పాలియూరిథేను నేడు బుష్షులకు కూడ వాడుచున్నారు. అది గట్టిది, నూనెకు త్వరగా చెడదు, చక్రమును అటునిటు జరుగనీయదు. కాని దారిలోని అదరును లోనికి తెచ్చును. పెక్కింటిలో లోపలి గొట్టము జారుచు తిరుగును గనుక, తయారీదారు చెప్పిన గ్రీజు పూయవలెను. అనగా మనము వదలించుకొన్న కందెన మరల ఇంటికి వచ్చినదన్నమాట! పందెములకు పోని సంసారపు కారునకు మొదట ఉన్నటువంటి రబ్బరు బుష్షే మేలు.

రెండు ప్రక్కలను ఒకేసారి మార్చుట మంచిది. కొన్ని బుష్షుల రబ్బరులో కావలెనని విడిచిన ఖాళీలుండును. పాతది తీయకముందే అవి ఏ దిక్కుననున్నవో గుర్తుపెట్టి, క్రొత్తదానిని అట్లే కూర్చవలెను. సుత్తితో కొట్టక, ప్రెస్సుతో నొక్కి దించవలెను. జారుటకు సబ్బునీరు చాలును. ఇంజను ఆయిలు తగిలినచో సహజమైన రబ్బరు ఉబ్బి మెత్తబడును. పని ముగిసిన పిదప చక్రముల అమరికను సరిచూపించవలెను.

ఎడ్లబండి తన బాధను తానే చెప్పుకొనెడిది. నేటి కారు చెప్పుకొనదు. కావున ఏడాదికొకసారియైన క్రిందికి వంగి చూచుట మన వంతు.