గడప నుండి గగనమునకు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రపుటొడ్డున నున్న కోనసీమలో దూరమును నిర్ణయించినది చిరకాలము మైలురాయి కాదు, రేవు. అమలాపురము, రాజోలు, కొత్తపేటల నుండి ఎటు బయలుదేరినను ఏదో యొక పాయను దాటవలసినదే. పంటు ఆవలి గట్టున నున్నచో, కంటికి కనబడు ఊరును గంటల దూరమైపోవుచుండెడిది.

ఈ దూరమును తగ్గించుటకు జరిగిన యత్నముల చరిత్ర విచిత్రమైనది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట సేద్యమునకే గాక, కాలువలలో పడవల రాకపోకలకును తోడ్పడెను. 1900లో రాజమహేంద్రవరము వద్ద హేవ్‌లాక్ వంతెన వెలసి రైలు గోదావరిని దాటెను. కాని కోనసీమ ఆ దారికి దిగువనే మిగిలిపోయెను. 1928లో కాకినాడ నుండి కోటిపల్లి వరకు, అనగా గౌతమి ఎడమ గట్టు వరకు, రైలు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1940లో, ఆ పట్టాలను ఊడదీసికొని పోయిరి. తిరిగి అచ్చట రైలు కూత వినబడుటకు 2004 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఇంతలో ఆకాశమార్గములు తెరచుకొనినవి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా విమానము నడపెను. అచ్చటి నుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మదరాసు చేర్చెను. 1953లో విమాన సంస్థలు జాతీయము చేయబడినవి. నేడు కోనసీమ వాసులకు అక్కరకు వచ్చు విమానాశ్రయము రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడి.

మధురపూడి నుండి శంషాబాదునకు ఆకాశమున సుమారు 360 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రైలు దారి దాదాపు 500. గంటకు 500 కిలోమీటర్లు పోగల విమానమునకు ఈ దూరము ముప్పాతిక గంట పనియే. అయినను పట్టికలో గంటయో, అంతకు కొంచెము ఎక్కువయో చూపుదురు. నేలపై పరుగు, పైకెగయుట, నెమ్మదిగా దిగుట, ఎదురుగాలి, ఇవన్నియు ఆ లెక్కలో చేరును.

అమలాపురము నుండి రావులపాలెము, జొన్నాడల మీదుగా మధురపూడికి సుమారు 80 కిలోమీటర్లు. ఇంచుమించు రెండు గంటలు. 360 కిలోమీటర్ల గగనము కంటె 80 కిలోమీటర్ల నేలయే ఎక్కువ కాలము హరించుచున్నది! 2024 డిసెంబరున ముంబయి, ఢిల్లీలకు నేరుగా విమానములు మొదలైనను ఈ రెండు గంటలు తగ్గలేదు.

అమలాపురము ప్రతినిధియై లోకసభ స్పీకరు పదవి నధిష్ఠించిన జి.ఎం.సి. బాలయోగి, 2002 మార్చి 3న భీమవరము నుండి హెలికాప్టరులో పోవుచు కైకలూరు సమీపమున ప్రమాదమున అసువులు బాసిరి. గౌతమిపై యానాము–ఎదుర్లంక వారధి వారి పేర వెలసినది. దానిపై పోవువారికి పంటుకై ఎదురుచూడ బనిలేదు.

కావున శ్రోతలారా, విమాన కాలమును లెక్కించునపుడు రన్‌వే నుండి కాక ఇంటి గడప నుండి లెక్కింపుడు. మన ప్రయాణమున గోదావరి వాటా ఎంతయో అప్పుడే తెలియును.