నెల తప్పిందని తెలియని తల్లి

కొన్ని వ్యాధులకు మందు కనుగొనడమే కష్టం. మరికొన్నింటికి చికిత్స ఎన్నడో దొరికింది, వాటిని అనుమానించడమే కష్టం. గర్భాశయం వెలుపల నిలిచే గర్భం ఈ రెండవ కోవకు చెందినది.

వైద్యులు దీనిని ఎక్టోపిక్ గర్భం అంటారు. నూటికి తొంభైకి పైగా సందర్భాలలో పిండం అండవాహిక నాళంలోనే కుదురుకుంటుంది. గర్భసంచి వలె సాగే గుణం ఆ నాళానికి లేదు. కొన్ని వారాలకు అది పగిలితే రక్తం కడుపులోపలే పారుతుంది. బయటికి కనిపించేది స్వల్పం.

ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఫాలోపియో 1561లోనే ఆ నాళాన్ని వర్ణించాడు. పగిలిన నాళాన్ని తొలగించి రోగిని బతికించడం మాత్రం 1883లో, బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ చేతిలో జరిగింది. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో అల్ట్రాసౌండ్ చిత్రాలను ప్రకటించింది. 1970లలో గర్భపు హార్మోనును కచ్చితంగా కొలిచే రక్తపరీక్ష వచ్చింది.

అయితే ఈ సాధనాలన్నీ "నెల తప్పిందా అమ్మా?" అన్న ప్రశ్న తరువాతనే అక్కరకు వస్తాయి. పాలిచ్చే తల్లి విషయంలో ఆ ప్రశ్నకు అర్థమే ఉండదు. కాన్పు తరువాత ఆమెకు ముట్టు ఎలాగూ రాలేదు. చుక్కలుగా రక్తం కనిపిస్తే ముట్టు మళ్ళీ మొదలైందనుకుంటుంది. పొత్తికడుపు నొప్పి వాతం ఖాతాలోకి పోతుంది.

పాలివ్వడం ఈ వ్యాధికి కారణం కాదు, దానిని కప్పిపుచ్చే తెర మాత్రమే. పాలిస్తే కడుపు రాదన్న నమ్మకంలో నిజం లేకపోలేదు. 1988లో బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు దానికి మూడు షరతులు పెట్టారు: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, ఆహారం పూర్తిగా తల్లిపాలే కావాలి, ముట్టు తిరిగి రాకూడదు. మూడూ ఉంటేనే 98 శాతం రక్షణ. జనం నోట మాట మిగిలింది, షరతులు జారిపోయాయి. తొలి ముట్టుకు ముందే అండం విడుదల కావచ్చునన్న సంగతీ మరుగున పడింది.

ఇక శబరి ఒడ్డున ఉన్న చింతూరు సంగతి చూద్దాం. కోయలు, కొండరెడ్లు నివసించే ఈ సీమ 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలో కలిసింది, 2014లో తిరిగి తూర్పు గోదావరికి వచ్చింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. జిల్లాల పేర్లు మారినంత సులువుగా కొండగూడేనికీ శస్త్రచికిత్స బల్లకూ మధ్య దూరం తగ్గలేదు. డోలీ మీద రోడ్డు వరకు, అక్కడి నుండి బండిలో ఆసుపత్రికి ప్రయాణం. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని ఆ రోడ్డునూ ముంచింది. పైగా మలేరియా, రక్తహీనత ఉన్న చోట పాలిపోయిన ముఖం, కళ్ళు తిరగడం ఎవరికీ వింతగా తోచవు.

కాబట్టి అనుమానం గూడెంలోనే మొదలు కావాలి. చంటిబిడ్డ తల్లికి ఒకవైపు పొత్తికడుపు నొప్పి, అకాల రక్తస్రావం ఉంటే ముట్టు లెక్క అడగక ముందే మూత్రపరీక్ష చేయాలి. గర్భమని తేలితే, అది ఎక్కడ నిలిచిందో స్కానింగు చెప్పాలి. భుజం నొప్పి, సొమ్మసిల్లడం తోడైతే పరీక్షకు కూడా ఆగరాదు. రక్తం ఎక్కించి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే బయలుదేరాలి. ఇంట చంటిబిడ్డ తల్లి ఉన్న ప్రతివారూ గుర్తుంచుకోవలసిన మాట ఇది.