ఊయల నుండి అంగన్‌వాడీ వరకు

మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో హాజరు పట్టీలో వేళకు సంతకం పడిందంటే, ఇంటివద్ద పసిపిల్లలను ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండబట్టే. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నదానికి ఒక చరిత్ర ఉంది.

ఉమ్మడి కుటుంబంలో ఆ పని నానమ్మది, అమ్మమ్మది. కూలికి వెళ్ళే తల్లి మాత్రం గట్టుమీది చెట్టుకొమ్మకు పాత చీరతో ఊయల కట్టి నాట్లలోకి దిగేది. ఊపడానికి పెద్దపిల్లను వెంట తీసుకెళ్ళేది. చంటివాడు ఎదిగేవాడు గాని, ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయేది.

చట్టం ఈ విషయాన్ని మొదట ఫ్యాక్టరీల్లోనే గమనించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను, 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట ఆరేళ్ళలోపు పిల్లలకు ఒక గది ఉండాలన్నది. 1976 సవరణతో ఆ సంఖ్య 30కి తగ్గింది. అయితే లెక్క ఆడవారిదే. పిల్లలు తండ్రికీ బిడ్డలేనన్న సంగతి 2017లో గాని లెక్కకు రాలేదు. ఆ ఏడు ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, స్త్రీ పురుషులు కలిసి 50 మంది ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. పొలం కూలీకి, ఇంట్లో బీడీలు చుట్టే తల్లికి ఈ గదులు అందలేదు.

ఫ్యాక్టరీ బయటి పిల్లలను ముందుగా పట్టించుకున్నది సేవాపరులు. 1945లో తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో బాలవాడి పని ఆరంభించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. ఊళ్ళలో బాలవాడీలకు ఆ బోర్డు చేయూతనిచ్చింది. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం పనిస్థలంలోనే 'మొబైల్ క్రెష్' నెలకొల్పారు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అంగన్ అంటే ముంగిలి. పౌష్టికాహారం, టీకాలు, ఆటపాటల చదువు ముంగిట్లోకి వచ్చాయి. ఇది నిజంగా పెద్ద మేలు. కాని కేంద్రం నడిచేది కొన్ని గంటలే, తల్లి పని మాత్రం పొద్దుగూకేదాకా. ఆ లోటు తీర్చడానికే 2022లో కేంద్ర ప్రభుత్వం 'పాల్నా' పేరిట అంగన్‌వాడీలలో క్రెష్‌లను తలపెట్టింది. పాల్నా అంటే ఊయలే.

ప్రభుత్వోద్యోగినుల దారి వేరు. కేంద్రంలో 90 రోజుల ప్రసూతి సెలవు 1997లో 135, 2008లో 180 రోజులయింది. అదే 2008లో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు కూడా వచ్చింది. ఈ సెలవు తెలంగాణలో 2016లో 90 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో 60 రోజులు, 2022లో 180 రోజులు అయింది. మన తోటి ఉద్యోగినులలో పాతతరం వారికి ఇవేవీ లేవు.

ఇక పిల్లలను చూసేవారి సంగతి. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది 2022 ఏప్రిల్‌లో. పథకం మొదలై అప్పటికి 46 ఏళ్ళు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో వారు 42 రోజుల సమ్మె చేయవలసి వచ్చింది. గ్రాట్యుటీ కాగితం కోసం ఎదురుచూడడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఈనాడు కొడుకో కూతురో ఉద్యోగానికి వెళితే, మనవలను చూసేది చాలావరకు మనమే. హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో పెట్టె సర్దుకొని వెళ్ళేదీ మనమే. ఇష్టంగానే చేస్తున్నాం. అయినా మోకాళ్ళ నొప్పులతో రోజంతా పసివాడి వెంట పరుగెత్తడం అందరివల్లా అయ్యే పని కాదు. అలాంటి తాతయ్యలు, అమ్మమ్మలు లేని ఇళ్ళూ ఎన్నో.

కనుక సంఘ సభ్యులకు ఒక మనవి. డి.ఎ. బకాయిల కోసం ఇచ్చే మహజరులో, మన ఊరి అంగన్‌వాడీలో సాయంత్రం దాకా నడిచే క్రెష్ కావాలని, అక్కడి కార్యకర్తకు గ్రాట్యుటీ సకాలంలో అందాలని రెండు వాక్యాలు చేర్చండి. ఫైలు ఎలా కదులుతుందో తెలిసినవాళ్ళం మనం.